సక్కర్ ఫిష్ అడుగు దాటిపోయింది, ట్యాంకు చాలట్లేదు, ఏటి చెయ్యాలి?

కిమిడి కుర్రాడు (పర్లాకిమిడి)

అందరికీ నమస్తే. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి. మూడున్నరేళ్ళ కిందట మా పాప పుట్టినరోజుకని రెండడుగుల ఆక్వేరియం కొన్నాను, నాలుగు గోల్డ్ ఫిష్‌లు తీసుకున్నాను, షాపతను వాటితోపాటు వేలంత సక్కర్ ఫిష్ ఒకటి కవర్లో వేసి "ఇది ఉంటే మీరింక తొట్టి కడగక్కర్లేదు, పాకుడంతా ఇదే నాకీస్తాది, దీనికి మేత కూడా వెయ్యక్కర్లేదు" అన్నాడు. మేం నమ్మీసాం. మొదటి ఆరేడు నెలలు గాజు నిజంగానే మెరిసిపోయేది. తర్వాత అది పెరగడం మొదలెట్టింది, పెరిగీకొద్దీ గాజు నాకడం మానీసి గోల్డ్ ఫిష్‌లకి వేసిన గింజల మేత కింద పడితే అదే తినీసేది. ఏడాదికి మూడడుగుల ట్యాంకుకి మార్చాను (మూడు పొడవు, ఒకటిన్నర వెడల్పు, ఒకటిన్నర ఎత్తు). మొన్న ఆదివారం గాజుకి టేపు ఆనించి కొలిస్తే తోకతో కలిపి 13 అంగుళాలు ఉంది.

ఇప్పుడు బాధ ఏటంటే నీళ్ళు మార్చిన నాలుగో రోజుకే వాసనొచ్చేస్తున్నాయి, అడుగంతా దారాల్లాగ రెట్టే. తిరిగినప్పుడల్లా తోక తగిలి ఫిల్టర్ ఊడిపోతోంది. నాలుగు గోల్డ్ ఫిష్‌లలో రెండు పోయాయి, మిగిలిన వాటిలో ఒకదానికి పక్కన పొలుసులు లేచిపోయి తెల్లగా మచ్చ పడింది. ఏ రోగమో అనుకున్నాను గానీ మొన్న రాత్రి రెండింటికి లేచి లైటేస్తే సక్కర్ ఫిష్ దాని పక్కకి అంటుకుపోయి ఉంది, చూసి నాకు ఒళ్ళు జలదరించింది. సక్కర్ పొట్ట పక్కన కూడా కాలినట్టు మచ్చ ఉంది, పోయిన చలికాలం హీటర్ పెట్టినప్పుడు వచ్చింది. అప్పుడప్పుడు సర్రున పైకొచ్చి గాలి మింగి మళ్ళీ కిందకి పోతాది, అదొకటి భయంగా ఉంది.

మా నాన్నగారు "సీతాసాగర్ చెరువులో వదిలీరా, హాయిగా బతుకుతాది, పుణ్యం కూడాను" అంటున్నారు. పక్కింటి ఒడియా పెద్దాయనైతే మహేంద్రతనయ ఏట్లో వదిలీమన్నారు. మా పాప దానికి మొసలి అని పేరు పెట్టుకుంది, వదిలీడమంటే ఏడుపు. ఇంకెంత పెరుగుతాది, ఎంత ట్యాంకు కావాలి, ఏటి పెట్టాలి, చెరువులో వదిలీడం తప్పా? తెలిసినవాళ్ళు చెప్పండి.


బరంపురం బాబాయ్

తమ్ముడూ, ముందు ఒక్క మాట. సీతాసాగర్‌లో వద్దు, మహేంద్రతనయలో అసలే వద్దు. ఎందుకో చివర్లో రాస్తాను, ముందు చేప సంగతి చూద్దాం.

నీ దగ్గరున్నది ఏ రకమో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. దాని వీపు మీద రెక్క పూర్తిగా విప్పినప్పుడు ఫోటో తీయి. ముందున్న గట్టి ముల్లుని వదిలేసి వెనక ఎన్ని పుల్లలున్నాయో లెక్కపెట్టు. 7 ఉంటే అది హైపోస్టోమస్, 9 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే టెరిగోప్లిక్తిస్, తెరచాపలాంటి రెక్క ఉంటుంది కాబట్టి సెయిల్‌ఫిన్ అంటారు. మన దగ్గర షాపుల్లో కామన్ ప్లెకో పేరుతో దొరికేవి దాదాపుగా ఈ రెండోదే. రెండూ దక్షిణ అమెరికావే, రెండింటికీ ఒళ్ళంతా పొలుసుల బదులు ఎముక పలకలుంటాయి, అందుకే ఆర్మర్డ్ క్యాట్‌ఫిష్ అంటారు. సెయిల్‌ఫిన్ అడుగున్నర దాకా సులువుగా పెరుగుతుంది. పది పదిహేనేళ్ళు బతుకుతుంది. అంటే మీ పాప కాలేజీకి వెళ్ళేదాకా ఉండే చేప అది.

"ట్యాంకు ఎంతుంటే చేప అంతే పెరుగుతుంది" అని షాపుల్లో చెప్తారు, అది నమ్మకు. ఇరుకులో చెడిపోయిన నీళ్ళలో పెరుగుదల కుంగిపోతుంది, వెన్ను వంకర పోతుంది, మధ్యలోనే చచ్చిపోతుంది, జనం దాన్ని చూసి ట్యాంకుకి సరిపడా పెరిగిందనుకుంటారు.

లెక్క చూడు. ఒక ఘనపుటడుగుకి 28 లీటర్ల చిల్లర. నీ మూడడుగుల ట్యాంకు అంచుదాకా నింపినా 190 లీటర్లు. 13 అంగుళాల చేప 18 అంగుళాల వెడల్పులో తిరగాలంటే ఒళ్ళు వంచుకుని తిరగాలి. పెద్దయ్యాక కనీసం ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు, అంటే 680 లీటర్లు. ఎత్తు కొంచెం తగ్గినా ఫర్లేదు గానీ వెడల్పు మాత్రం తగ్గనియ్యకు, ఇది అడుగున బతికే చేప, దానికి కావాల్సింది నేల. ఆ సైజుకి 12 ఎంఎం గాజు వెయ్యాలి. నీళ్ళు, గాజు, స్టాండు కలిపితే 800 కిలోలు దాటుతుంది, కింద అంతస్తులో గోడ వారగా పెట్టు, మేడ మీదైతే ఇంజనీరుని అడగకుండా పెట్టొద్దు.

గోల్డ్ ఫిష్‌ల్ని ఇవాళే వేరు చెయ్యి. ఆకలేసిన సక్కర్ రాత్రిపూట వాటి ఒంటి మీద జిగురు గీకి తింటుంది. గోల్డ్ ఫిష్, ఏంజెల్, డిస్కస్ లాంటి వెడల్పు ఒళ్ళున్నవి, మెల్లగా ఈదేవి దీనికి బాగా దొరికిపోతాయి. అలవాటు పడిందంటే కడుపు నిండా పెట్టినా మానదు. పైగా రెండూ విపరీతంగా రెట్ట వేసే జాతులే, నీ నీళ్ళు నాలుగు రోజులకి వాసనొస్తున్నాయంటే అదే కారణం.

హీటర్ మచ్చ సంగతి. ఈ జాతికి దేనికో దానికి నోటితో అతుక్కుని పడుకోవడం అలవాటు, హీటర్ గాజుకి అతుక్కుంటే అది ఆన్ అయ్యాక కూడా వెంటనే వదలదు, అలా కాలుతుంది. ప్లాస్టిక్ జాలీ గార్డు ఉన్న హీటరే వాడాలి. మందులు పొయ్యకు, ముఖ్యంగా రాగి కలిసిన మందులు వీటికి పడవు. శుభ్రమైన నీళ్ళుంటే ఆ మచ్చ దానంతటదే మానుతుంది.

పైకొచ్చి గాలి మింగడం రోగం కాదు. నీళ్ళలో ఆక్సిజన్ తగ్గినప్పుడు గాలిని కడుపులోకి తీసుకుని అక్కడే పీల్చుకోగల చేప ఇది. ఎప్పుడో ఒకసారైతే పట్టించుకోకు, పదే పదే వస్తుంటే మాత్రం నీళ్ళు పాడయ్యాయని అర్థం. 2013లో ఫైలిన్ తుపాను వచ్చినప్పుడు మా బరంపురంలో రోజుల తరబడి కరెంటు లేదు, నా ట్యాంకుల్లో ఫిల్టర్లన్నీ ఆగిపోయాయి, చేతికందిన మగ్గుతో నీళ్ళు ఎత్తి పోస్తూ ఆక్సిజన్ కలుపుదామని చూశాను గానీ ఎన్నాళ్ళని చేస్తాం, ఏంజెల్సు, టెట్రాలు, నా ముచ్చటైన సివిరమ్‌లు అన్నీ పోయాయి. ఒక్క సక్కర్ మాత్రం ఆ మురికి నీళ్ళలో గాలి మింగుతూ బతికింది. అప్పట్నుంచి దాని మీద నాకు గౌరవం పెరిగింది. ఏట్లో వదిలితే ఎందుకు ప్రమాదమో కూడా అప్పుడే అర్థమైంది, వేరేవన్నీ చచ్చే నీళ్ళలో ఇది బతుకుతుంది.

మేత గురించి ఇంకో పోస్టులో రాస్తా, దుకాణం తెరిచే టైమైంది.


గంజాం గాలి

బాబాయ్ మీ మీద గౌరవంతోనే అడుగుతున్నాను. ఐదేళ్ళ కిందట నేను రెండు సక్కర్లని మా ఊరి చెరువులో వదిలాను, ఇంట్లో పెట్టుకోలేక. చెరువు ఏమీ పాడవలేదు, జనం స్నానాలు చేస్తూనే ఉన్నారు. గాజు డబ్బాలో పెట్టి నరకం చూపించే కంటే వదిలెయ్యడం మంచిది కదా, ప్రాణం ఉన్నదాన్ని విడిపించడం పాపం ఎలా అవుతుంది? పాపం ఆ కుర్రాడి దగ్గర ఆరడుగుల ట్యాంకుకి డబ్బులు ఉండొద్దా?


వంశధార ఒడ్డు (కాశీనగర్)

గంజాం గాలి అన్నయ్యా, నీ మనసు మంచిదే, అందులో అనుమానం లేదు. కానీ చెరువు పైనుంచి చూసి బాగుందంటే ఎలా, నీళ్ళ కిందేటి జరుగుతోందో వల వేసినోడికి తెలుస్తాది. మాది జాలరి కుటుంబం, నేను బడిలో పాఠాలు చెప్పుకుంటున్నా మా చిన్నాన్న ఇప్పటికీ వంశధారలోనే వల వేస్తాడు. ఆయన వలలో ఇది మొదటిసారి పడ్డప్పుడు ఇదేదో మొసలి పిల్ల అనుకున్నారంట మావాళ్ళు. ఇప్పుడు పడితే తిట్టుకుంటారు. ఎందుకంటే దాని పక్క రెక్కల ముళ్ళు బిగుసుకుపోతాయి, వల కన్నుల్లో ఇరుక్కుంటే తియ్యడం ఎవడి వల్లా కాదు, వల కొయ్యాలి, లేకపోతే దాని రెక్క విరవాలి. ఒక్క వల కుట్టుకోడానికి ఆయనకి రెండు పూటలు పోతాయి, ఆ రెండు పూటలూ ఏరు లేదు కూలీ లేదు. పోనీ అమ్ముదామా అంటే సంతలో ఎవడూ కొనడు, ఒళ్ళంతా ఎముక డిప్ప, లోపల కండ కొంచెం. అమెజాన్ వైపు జనం డిప్పతోనే నిప్పుల మీద కాల్చుకుని తింటారంట, మన దగ్గర ఆ అలవాటు లేదు. ట్యాంకులో మందులు తాగిన చేపనైతే ఎవరూ తినకూడదు కూడా.

రెండోది గట్లు. మగది మట్టి గట్టులో మూడడుగుల లోతు దాకా బొరియ తవ్వి అందులో గుడ్లు పెట్టించి కాపలా కాస్తాది. ఒకటి రెండైతే తెలీదు, వంద బొరియలయితే వానాకాలం ఆ గట్టు నిలబడుతుందా? మన ఊరి చెరువులకి ఉన్నవే మట్టి గట్లు. మూడోది, ఇది అడుగంతా గీకి తింటాది కదా, ఆ గీకుడులో జెల్లలు, పరిగెలు పెట్టిన గుడ్లు కూడా పోతాయి, వాటి మేత కూడా ఇదే తినీస్తాది. దీన్ని తినే చేప మాత్రం మన ఏట్లో లేదు, కొర్రమీను పట్టినా మింగలేదు, ముళ్ళు నిక్కబొడుచుకుంటాది.

నువ్వు వదిలినవి రెండే కావచ్చు. నీలాంటి మంచి మనసుతోనే ఊరికి ఇద్దరు వదిలారు, అందుకే మా చిన్నాన్న వలలో పడుతోంది. నిన్ను తిట్టాలని కాదు, తెలీక అందరం చేస్తాం, మా బడిలో పిల్లలకి కూడా ఇదే చెప్తున్నాను.


బరంపురం బాబాయ్

వంశధార తమ్ముడు నేను రాద్దామనుకున్నది నాకంటే బాగా రాశాడు. దానికి కొంచెం కలుపుతాను. హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు చెరువుల్లో నదుల్లో నీళ్ళు పట్టి, ఆ నీళ్ళలో రాలిన డీఎన్ఏ బట్టి ఏ చేప ఉందో కనిపెట్టే పద్ధతిలో ఈ సెయిల్‌ఫిన్ ఎక్కడెక్కడ ఉందో చూశారు, తూర్పు కనుమల్లో 60 శాతం నీటి వనరులకి పాకిపోయిందని 2023లో చెప్పారు. తూర్పు కనుమలంటే ఎక్కడో కాదు, మన మహేంద్రగిరే. పర్లాకిమిడి పక్కన పారే మహేంద్రతనయ వెళ్ళి కలిసేది వంశధారలో, అక్కడి నుంచి గొట్టా బ్యారేజీ, దాని కాలవలు, శ్రీకాకుళం జిల్లా పొలాలు. నువ్వు పర్లాకిమిడిలో వదిలింది ఆంధ్రాలో ఎవరి వలలోనో తేలుతుంది. మా వైపు ఇంకో భయం ఉంది, ఈ చేప కొంచెం ఉప్పు తగిలిన నీళ్ళలో కూడా తట్టుకుంటుంది. మాకు చిలికా ఉంది, 1981లోనే రామ్‌సర్ సైటుగా, అంటే ప్రపంచస్థాయిలో ముఖ్యమైన చిత్తడి నేలగా గుర్తించిన సరస్సు, దాని మీద ఆధారపడి ఎన్ని జాలరి ఊళ్ళున్నాయో అందరికీ తెలిసిందే. చెరువు గానీ కాలువ గానీ మురుక్కాలవ గానీ, ఏదైనా వానొస్తే ఏట్లోకే పోతుంది, అందుకే ఎక్కడా వదలొద్దు అంటున్నా.

ఇప్పుడు మేత. షాపులో చెప్పింది తప్పు, దీనికి ప్రత్యేకంగా మేత వెయ్యాలి. చిన్నప్పుడు పాకుడు తిని బతుకుతుంది గానీ అడుగు దాటిన చేపకి ఆ గాజు మీది పాకుడు నాలిక్కి కూడా ఆనదు. కూరగాయలే ప్రధానం. సొరకాయ, బీరకాయ, దోసకాయ, గుమ్మడికాయ, ఏదైనా అంగుళం మందం చక్రం కోసి వేడినీళ్ళలో రెండు నిమిషాలు ముంచి తీసి, చల్లారాక స్టీలు గరిటెకి గుచ్చి మునిగేలా వెయ్యి. మందు కొట్టిన కూరగాయలు బాగా కడగాలి, తొక్క తీసేస్తే ఇంకా మంచిది. రాత్రి లైటు తీసేశాకే వెయ్యాలి, అది రాత్రిపూట తిరిగే జీవి. పొద్దున్నే మిగిలింది తీసేయాలి, లేకపోతే నీళ్ళు కుళ్ళిపోతాయి. వారానికి మూడు నాలుగు రోజులు కూరగాయలు, రెండు రోజులు మునిగే ఆల్గీ వేఫర్లు (పాకుడు మేత బిళ్ళలు), వారానికి ఒక్కసారి చిన్న రొయ్య ముక్క, అంతే. గోల్డ్ ఫిష్ గింజలు, మాంసం మేత రోజూ వేస్తే పొట్ట ఉబ్బుతుంది. కడుపు నిండుతోందో లేదో చూడాలంటే గాజుకి అతుక్కున్నప్పుడు పొట్ట చూడు, కొంచెం గుండ్రంగా ఉండాలి, లోపలికి గుంట పడి ఉంటే ఆకలితో ఉన్నట్టే. కళ్ళు లోపలికి పోయినట్టుంటే ఆకలి బాగా ముదిరినట్టు.

ట్యాంకులో ఒక పెద్ద డ్రిఫ్ట్‌వుడ్ దుంగ పెట్టు, గీక్కుంటుంది, పగలు దాని కింద దాక్కుంటుంది. నీళ్ళు టీ రంగులోకి మారతాయి, కంగారు పడకు. రంగురాళ్ళు తీసేయి, సన్న ఇసక చాలు. వారానికి సగం నీళ్ళు మార్చాలి, మునిసిపాలిటీ నీళ్ళయితే యాంటీ క్లోరిన్ వెయ్యకుండా పొయ్యకు.


రాయగడ రైల్వే క్వార్టర్స్

ఒక్క విషయం చెప్పడానికే వచ్చాను. దీన్ని పట్టుకునేటప్పుడు వల వాడొద్దు. ట్రాన్స్‌ఫర్ అయినప్పుడు నేను మామూలు ఆక్వేరియం నెట్‌తో తీశాను, పక్క రెక్కలు రెండూ నెట్‌లో చిక్కుకుని అది కొట్టుకుంటుంటే మా ఆవిడ కత్తెర తెచ్చి నెట్ మొత్తం కోసింది, అప్పటికే ఒక రెక్క చీలిపోయింది, తల్చుకుంటే ఇప్పటికీ బాధే. ప్లాస్టిక్ టబ్బుని నీళ్ళలో ముంచి గోడవైపు మెల్లగా తోలి నీళ్ళతో సహా ఎత్తాలి. చేతులు దగ్గర పెట్టకండి, ముల్లు గీసుకుంటే లోతుగా దిగుతుంది. దూరం తీసుకెళ్ళాలంటే మూతున్న బకెట్, మూతకి చిల్లులు, సగం నీళ్ళు, సగం గాలి, ముందు రోజు మేత వెయ్యకూడదు. కవర్లో వేస్తే ముళ్ళకి చిరిగిపోతుంది.


కిమిడి కుర్రాడు (పర్లాకిమిడి)

అందరికీ చాలా థాంక్స్. బాబాయ్ గారూ మీరు చెప్పిన వెంటనే గోల్డ్ ఫిష్‌ల్ని పాత రెండడుగుల ట్యాంకులోకి మార్చీసాను. నాన్నగారికి వంశధార ఒడ్డు అన్నయ్య రాసింది చదివి వినిపించాను, మా తాత ఊళ్ళో చెరువు వేలంపాట పాడుకునేవాడు కాబట్టి గట్టు మాట వినగానే ఆయనకి తగిలింది, "అయితే వద్దులే, ఉంచుదాం" అన్నారు. రెక్క పుల్లలు మా పాపే లెక్కపెట్టింది ఫోటోలో, 12 వచ్చాయి.

ఇప్పుడు డబ్బుల సంగతి. 12 ఎంఎం గాజు ఆరడుగులది అడిగితే చెప్పిన రేటు నా వల్ల కాదు. మా పెరట్లో జాగా ఉంది, సిమెంటు తొట్టి కట్టిస్తే బతుకుతాదా? చలికాలం, వానాకాలం ఎలా? ఎవరైనా చేసినవాళ్ళు ఉంటే చెప్పండి.


గుణుపూర్ అక్క

నేను చేశాను తమ్ముడూ, ఏడేళ్ళుగా ఉంది నాది. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, నీటి మట్టం రెండడుగులు, అంటే వెయ్యి లీటర్లు. గాజు ట్యాంకు ఖర్చులో సగం కూడా కాలేదు. కాకపోతే కొన్ని సంగతులు జాగ్రత్తగా విను, ఇవన్నీ నేను దెబ్బతిని నేర్చుకున్నవే.

కొత్త సిమెంటులో సున్నం దిగుతుంది, వెంటనే చేప వేస్తే చచ్చిపోతుంది. నీళ్ళు నింపు, అరటి బోదె ముక్కలు వెయ్యి, నాలుగైదు రోజులు ఉంచి పారబొయ్యి, మళ్ళీ నింపు, ఇలా మూడు వారాలు చెయ్యాలి. చివర్లో నీళ్ళలో సున్నం ఘాటు ఎంతుందో తెలిపే పీహెచ్ చూసే కిట్ కొని చూడు, 8 కంటే కింద నిలబడ్డాకే చేపని వెయ్యి. కంగారు పడితే పని చెడుతుంది. ఈ మూడు వారాలూ ఇప్పుడున్న మూడడుగుల ట్యాంకులోనే రెండు రోజులకోసారి పాతిక శాతం నీళ్ళు మార్చుకుంటూ లాగించు. కొత్త తొట్టికి పెట్టబోయే ఫిల్టర్ స్పాంజిని ఇప్పట్నుంచే ఆ పాత ట్యాంకులో నడిపించు, అందులో మంచి బ్యాక్టీరియా చేరుతుంది, తర్వాత ఆ స్పాంజితో సహా మార్చితే నీళ్ళు ఒక్కసారిగా విషం అవ్వవు. స్పాంజిని ఎప్పుడూ కుళాయి నీళ్ళలో కడక్కు, ట్యాంకులోంచి తీసిన నీళ్ళలోనే పిండు.

ఎండ సంగతి. తొట్టి సగం నీడలో ఉండాలి. మన వైశాఖం ఎండకి నీళ్ళు 32 డిగ్రీలు దాటితే ఆక్సిజన్ తగ్గిపోతుంది, పైన కొబ్బరాకుల పందిరి వేస్తే చాలు. చలికి 20 కంటే కిందకి పోతే అది మేత మానేసి ఒక మూల పడుంటుంది, గుణుపూర్‌లో డిసెంబరు జనవరి రాత్రులు నేను రెండు థర్మోకోల్ షీట్లు పైన కప్పి, గార్డు ఉన్న హీటర్ పెడతాను. కొరాపుట్ కొండ మీద ఉన్నవాళ్ళయితే అసలు బయట తొట్టి జోలికి పోకండి, అక్కడి చలికి చచ్చిపోతుంది.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైంది, నేను ఇది రాస్తున్నదే దీని కోసం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చిన రాత్రి నా తొట్టి నిండి పొర్లిపోయింది. అప్పటికి నేను తొట్టి నేలకి సమానంగా కట్టించాను, చూడ్డానికి అందంగా ఉంటుందని. పొద్దున్న చూస్తే పెరడంతా నీళ్ళు, తొట్టిలో చేప లేదు. మా పెరటి వెనక మురుక్కాలవ, అది పోయి కలిసేది వంశధారలో. వానలోనే టార్చిలైటు పట్టుకుని మా అబ్బాయీ నేనూ వెతికాం, అదృష్టం బాగుండి కరివేపాకు చెట్టు మొదట్లో గుంటలో దొరికింది, నీళ్ళు చారెడే ఉన్నాయి, గంటల తరబడి అలాగే బతికుంది. దొరక్కపోయి ఉంటే కాశీనగర్ తమ్ముడి చిన్నాన్న వలలోనే పడేది కదా అని ఇవాళ ఆ పోస్టు చదివాక గుండె గుభేలుమంది. ఆ తర్వాత తొట్టి పడగొట్టించి మళ్ళీ కట్టించాను. గోడ నేల కంటే మూడడుగుల ఎత్తు, నీటి మట్టానికి పైన అడుగు ఖాళీ, పొర్లే నీళ్ళు పోడానికి రెండంగుళాల పైపు, దాని మూతికి సన్న జాలీ, పైన ఇనప చట్రానికి జాలీ బిగించి తాళం. జాలీ పిల్లులకీ, కొంగలకీ కూడా పనికొస్తుంది. తుపాను హెచ్చరిక వచ్చిందంటే ముందు రోజే నీళ్ళు ఒక అడుగు దించేస్తాను. మనం ఉన్నది తుపాన్ల దారిలో, బయట తొట్టి కట్టేవాళ్ళు ఇది మర్చిపోకూడదు.

అంతా విని కూడా కుదరదనుకుంటే నాకు చెప్పు. నా తొట్టిలో ఇంకోదానికి చోటుంది, వీళ్ళు పోట్లాడుకోకుండా రెండో గుహ కట్టిస్తాను. పర్లాకిమిడి నుంచి గుణుపూర్ బండి ఎక్కితే వచ్చేస్తావు, పాపని కూడా తీసుకురా, ఎప్పుడైనా వచ్చి చూసుకోవచ్చు.


గంజాం గాలి

నేను మొన్న రాసింది వెనక్కి తీసుకుంటున్నా. నిన్న మా ఊరు వెళ్ళి చెరువు పాట తీసుకున్నాయన్ని అడిగాను, ఈ చేప పడుతోందా అని. "నువ్వా వదిలింది" అన్నాడు. రెండేళ్ళుగా వలకి పది పదిహేను పడుతున్నాయంట, ఒడ్డున పారేస్తున్నాడంట. నాకు తెలీక చేశాను, కానీ ఆయన నష్టం నష్టమే. ఈసారి చెరువు ఎండగట్టినప్పుడు నేను కూడా వెళ్ళి ఉన్నవన్నీ ఏరించే పనిలో ఉంటానని చెప్పాను. ఇప్పుడు పాకుడు కోసం చిన్న ట్యాంకులో ఏ చేప వేసుకోవాలో ఎవరైనా చెప్పండి, మా అన్నయ్య పిల్లలు అడుగుతున్నారు.


బరంపురం బాబాయ్

నువ్వు వెళ్ళి అడగడమే పెద్ద పని నాన్నా. బొరియల్లో దాక్కున్నవి నీళ్ళు పోయినా తడి మట్టిలో చాలా గంటలు బతుకుతాయి, కాబట్టి గట్టు పొడుగునా బొరియలు కూడా చూడండి, చూసినవి మట్టితో పూడ్చెయ్యండి.

చిన్న ట్యాంకుకి బ్రిసిల్‌నోజ్ తీసుకోండి, ఇదే కుటుంబం, ముక్కు మీద మీసాల గుత్తిలా ఉంటుంది మగదానికి, ఐదారు అంగుళాల దగ్గర ఆగిపోతుంది, పాకుడు మాత్రం పెద్దయ్యాక కూడా తింటుంది. కలకత్తా నుంచి సరుకు తెప్పించే షాపుల్లో అడిగితే తెప్పిస్తారు. మూడడుగుల ట్యాంకుకి ఒకటి చాలు. దానికి కూడా కూరగాయ ముక్క వెయ్యాల్సిందే, దాన్ని కూడా ఏట్లో వదలకూడదు. లేదంటే ఏ చేపా అక్కర్లేదు, లైటు రోజుకి ఏడెనిమిది గంటలకి మించి వెయ్యకండి, ట్యాంకు మీద ఎండ పడనివ్వకండి, మేత తగ్గించండి, ఉన్న పాకుడు పాత ఏటీఎం కార్డుతో గీకితే ఐదు నిమిషాల పని.


కిమిడి కుర్రాడు (పర్లాకిమిడి)

నెలన్నర తర్వాత రాస్తున్నాను, లేటుకి క్షమించండి. అక్క చెప్పినట్టే తొట్టి కట్టించాను, ఆరడుగులు, మూడడుగులు, గోడ ఎత్తు మూడున్నర. మూడు వారాలు అరటి బోదెలు వేసి నీళ్ళు మార్చాం, మొదటిసారి పీహెచ్ చూస్తే కిట్‌లో ఉన్న ఆఖరి రంగు కూడా దాటిపోయింది, నాలుగోసారికి దిగింది. పైపుకి జాలీ కట్టాను, పైన చట్రం మా ఊరి వెల్డింగ్ షాపులో చేయించాను, తాళం చెవి నాన్నగారి దగ్గర ఉంది. మొసలిని టబ్బుతో మార్చాం, వల వాడలేదు. మొదటి రెండు రోజులు దుంగ కింద నుంచి బయటికి రాలేదు, మేత ముట్టలేదు, మా పాప స్కూలుకి వెళ్ళనంది. మూడో రోజు రాత్రి టార్చికి ఎర్ర గుడ్డ కట్టుకుని చూస్తే సొరకాయ ముక్క మీద ఎక్కి కూర్చుంది, పొద్దున్నకి తొక్క మాత్రం మిగిలింది. కాలిన మచ్చ చాలావరకు మాసిపోయింది. గోల్డ్ ఫిష్ పక్కన కూడా కొత్త పొలుసులు వస్తున్నాయి.

అక్కా, ఒకటి అడగాలి. గుమ్మడికాయ వేసిన రోజు రెట్ట నారింజ రంగులో వస్తోంది, అది మామూలేనా?


గుణుపూర్ అక్క

మామూలే తమ్ముడూ, ఏ రంగు తింటే ఆ రంగే వస్తుంది. తెల్లగా దారంలాగ, లోపల ఏమీ లేనట్టు వస్తే మాత్రం అప్పుడు చెప్పు. పాపకి ఎర్ర టార్చి భలే ఐడియా, మా అబ్బాయికి కూడా చెప్పాను.